లంఖణం పరమౌషధమేనా?

తెలుగునాట జ్వరం తగిలినవాని మంచం చుట్టూ చేరిన పెద్దల నోట మొట్టమొదట వెలువడే మాట "లంఖణం పరమౌషధం" అన్నది. అది ఏ గ్రంథంలోనిదో చెప్పగలిగినవారు అరుదు. దానిని అననివారు అంతకంటె అరుదు. శాస్త్రవాక్యం వలె ధ్వనించే ఈ లోకోక్తిలో శాస్త్రం పాలెంత, మన వంటిళ్ల పాలెంత అన్న విచారం నాకు చాలకాలంగా ఉన్నదే. 2021 సెప్టెంబరులో మా తమ్ముని కుమారుడు డెంగీ జ్వరంతో రాజమహేంద్రవరంలోని మా ఇంట మంచమెక్కినప్పుడు అది ఉత్త పాండిత్యవిచారంగా ఉండే వీలు లేకపోయింది. ఏది పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఏది మానాలి అన్నవి పూటపూటా తేల్చుకోవలసిన ప్రశ్నలైనాయి. నేను వైద్యుడను కాను. బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాడిని. గ్రంథాలు చదవడం వచ్చు గనుక చదివాను. వైద్యం డాక్టరుగారు చేశారు.

మొదట మాట సంగతి. సంస్కృతంలో ఇది లంఘనం. లఘుశబ్దానికి దగ్గరి చుట్టం. తెలుగు నాలుక మీద లంఖణమూ లంకణమూ అయింది. చరకసంహిత సూత్రస్థానంలోని 22వ అధ్యాయం లంఘనబృంహణాల విచారమే. దేహానికి తేలికదనం కలిగించేది ఏదైనా లంఘనమే అని చరకుని నిర్వచనం. అందులో 10 విధాలు: వమనం, విరేచనం మొదలైన శోధనలు 4, ఆపైన దప్పిక నోర్చుకోవడం, గాలి, ఎండ, పాచనం, ఉపవాసం, వ్యాయామం. అంటే ఉపవాసం పదింటిలో ఒకటి మాత్రమే. మన ఇళ్లలో తక్కిన తొమ్మిదీ జారిపోయి లంఖణమంటే పస్తు అన్న ఒక్క అర్థం మిగిలింది. శబ్దాలకు అర్థసంకోచం కలగడం భాషాశాస్త్రం చదివినవారికి వింత కాదు. కాని ఇక్కడ సంకోచించినది రోగి నోటికందే గ్రుక్కెడు నీళ్లు కూడాను.

అదే సంహిత చికిత్సాస్థానంలో మొదటి రెండధ్యాయాలు రసాయన వాజీకరణాలకు పోగా, వ్యాధులలో అగ్రాసనం 3వ అధ్యాయమైన జ్వరచికిత్సది. జ్వరం రుద్రకోపం నుండి, దక్షయజ్ఞ సందర్భంలో పుట్టిందని అక్కడి కథ. భాగవతం దశమస్కంధంలో బాణాసుర యుద్ధఘట్టం చదివినవారికి శివజ్వర వైష్ణవజ్వరాల పోరు గుర్తుండే ఉంటుంది. పురాణం అలా ఉండగా, ఆహారం దగ్గరకు వచ్చేసరికి చరకుడు ఎంత మెలకువగా నడిచాడో చూడండి.

జ్వరం తొలినాళ్లలో జఠరాగ్ని తన చోటు తప్పి ఉంటుంది గనుక బరువైన అన్నం అరగదు, అందుచేత లంఘనం చేయించమన్నాడు. అన్న వెంటనే మినహాయింపులు చెప్పాడు: ధాతుక్షయం, వాతం, భయం, క్రోధం, కామం, శోకం, శ్రమ వీటివల్ల పుట్టిన జ్వరాలకు కూడదు. ఆపైన ఇంకొక హద్దు గీశాడు. లంఘనం ప్రాణబలానికి విరోధం కాకూడదు. ఆరోగ్యం నిలిచేది బలం మీద, చికిత్స అంతా ఆ ఆరోగ్యం కోసమే. "పరమౌషధం" అనేవారెవరూ ఈ రెండవ సగం చెప్పగా నేను వినలేదు.

దప్పికకు ఏమివ్వాలి? వాతకఫజ్వరాలలో వేడినీళ్లు. పిత్తజ్వరంలో చేదు ద్రవ్యాలతో కాచి చల్లార్చిన నీళ్లు. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠి కలిపి కాచే షడంగపానీయం ఇక్కడిదే. ఆ తరువాత మండంతో మొదలుపెట్టి క్రమంగా చిక్కబడే జావలు, జ్వరం మెత్తబడేదాకా గాని 6 దినాలు గాని. వాటిలో తొలుతటిది పేలాల పేయ, పిప్పళ్లు శొంఠి వేసి కాచినది. ఈ పేయ ఎందుకంటే, ద్రవమూ ఉష్ణమూ గనుక చెమట పట్టిస్తుంది, ద్రవం గనుక దప్పిక తీరుస్తుంది, ఆహారం గనుక ప్రాణం నిలుపుతుంది అని హేతువులు కూడా చెప్పాడు. గ్రీష్మంలోను, పిత్తకఫాలు మిక్కుటమైనప్పుడు, మద్యం వల్ల కలిగిన జ్వరంలోను, రక్తం పైమార్గాన పడే రక్తపిత్తంలోను ఆ వేడి జావ కూడదు. పేలపిండిని పండ్లరసాలతో, తేనె చక్కెరలతో కలిపిన తర్పణం ఇవ్వాలి.

మండం, పేయ, విలేపి, యవాగువు అన్న మాటలు కొత్తవారిని బెదరగొట్టవచ్చు. సుశ్రుతుడు తేలిక చేశాడు: మెతుకు లేనిది మండం, మెతుకు కలిసినది పేయ, మెతుకులు మెండుగా ఉన్నది విలేపి, ద్రవం బాగా తగ్గినది యవాగువు. మా అమ్మకు 80 దాటాయి. ఆమెకు ఇది చదివి వినిపిస్తే, "గంజితేట, గంజి, జావ, మెత్తటన్నం. దీనికి సంస్కృతం ఎందుకురా" అన్నది. ఇంతకంటె మంచి టీక నేను వ్రాయలేను.

కనుక శాస్త్రం చెప్పిన జ్వరపథ్యంలో సింహభాగం నీళ్లే. కాచిన నీళ్లు, మందునీళ్లు, గంజినీళ్లు, పెసరకట్టు, పేలాల నీళ్లు. మరి మన ఇళ్లలో పెదవులు ఎండిపోయిన రోగికి చెంచాడు నీళ్లు కూడా లెక్కపెట్టి పోసే ఆచారం ఎక్కడ నుండి వచ్చింది?

నా ఊహ ఇది: దోషంలో పెద్ద పాలు టైఫాయిడ్‌ది. ఇరవైయొక్క రోజుల జ్వరమని పేరుబడ్డ ఆ వ్యాధిలో పేగు పుండుపడి, కొందరికి చిల్లి పడుతుంది. అన్నం పెట్టిన మరునాడు రోగి పోయిన ఇళ్లు ఉంటాయి. "పథ్యం వికటించింది" అన్న మాట అలాంటి ఇళ్లలో పుట్టినదే అయి ఉండాలి. పల్లెలలో బసవరాజీయం తెలుగు తాత్పర్యం చదువుకొని నాడి చూచిన వైద్యులు సన్నిపాత లక్షణాలు కనబడితే వణికేవారు. ఆ భయం టైఫాయిడ్‌తో ఆగక జ్వరాలన్నింటికీ ప్రాకింది. ఇది మన అజ్ఞానమేనని తలవంచుకోనక్కరలేదు. ఐరోపాలోనూ జ్వరరోగిని పస్తులుంచి, నెత్తురు తీసి, విరేచనాలు చేయించడమే చాలకాలం పెద్ద వైద్యం. డబ్లిన్ నగరంలో రాబర్ట్ గ్రేవ్స్ అనే వైద్యుడు 19వ శతాబ్దం పూర్వార్ధంలో దీనికి ఎదురు తిరిగి రోగులకు ఆహారమిచ్చాడు. తన సమాధి మీద "జ్వరాలకు అన్నం పెట్టినవాడు" అని వ్రాస్తే చాలునన్నాడని ప్రతీతి. 1948 తరువాత క్లోరాంఫెనికాల్ వచ్చి టైఫాయిడ్ కోరలు తీసింది. కోర పోయినా బుస మిగిలినట్టు, మందు వచ్చినా లంఖణం మిగిలింది.

ఇక డెంగీ. పత్రికలు కొన్ని డెంగ్యూ అనీ కొన్ని డెంగీ అనీ వ్రాస్తాయి. స్పానిష్ వారు పలికేది ఇంచుమించు "డెంగే" అని. నేను డెంగీతో సరిపెట్టుకొంటున్నాను. తూర్పు ఆఫ్రికా స్వాహిలీ భాషలో దుష్టభూతం పట్టి హఠాత్తుగా ఈడ్చివేయడమనే అర్థం గల "కి డింగా పెపో" అన్న పలుకుబడి నుండి, 1827-28 నాటి కరీబియన్ దీవుల మహమ్మారి కాలంలో ఈ పేరు స్థిరపడిందని పలువురి అభిప్రాయం. మనకు రుద్రకోపం, వారికి భూతం. ఈ కాలపు ఆయుర్వేద రచయితలు దీనిని దండకజ్వరమన్నారు, కర్రతో మోదినట్టు ఒళ్లు నొప్పులు గనుక. దండకం అనగానే ఎడతెగని పద్యం తలపుకు వచ్చే మాబోటి పండితులకు ఆ పేరు మరొక విధంగానూ సార్థకమే.

1779లో బటేవియాలో డేవిడ్ బైలన్ అనే వైద్యుడు ఇలాంటి కీళ్లజ్వరాన్ని గురించి వ్రాశాడు. 1780లో మన మద్రాసులోనూ, అమెరికాలో ఫిలడెల్ఫియాలోనూ డెంగీని పోలిన జ్వరం చెలరేగింది. ఫిలడెల్ఫియా జ్వరాన్ని వర్ణించిన బెంజమిన్ రష్, దానిని జనం ఎముకలు విరిచే జ్వరమంటున్నారని చెప్పి, కోలుకొనే దశలోని దిగులును కూడా గమనించాడు. రోగులలో ఒక యువతి, ఇది ఎముకలు విరిచే జ్వరం కాదు, గుండె విరిచే జ్వరమన్నదట. ఆ పాత వర్ణనలలో కొన్ని డెంగీవి కాక చికున్‌గున్యావి కావచ్చునని చరిత్రకారుల అనుమానం. రెండూ ఒకే జాతి దోమ మోసేవి, రెండూ కీళ్లు పట్టేవి. మా ఊరి సంగతే చూడండి: 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి ప్రాంతాలలో వచ్చినది చికున్‌గున్యా. ఇల్లిల్లూ గోడ పట్టుకొని నడిచిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆమె దృష్టిలో 2021 నాటి మనుమడి జ్వరం అదే, దానికి లంఖణమే మందు.

కాని అది ఇది కాదు. డెంగీ వైరస్‌ను 1943లో జపానులో కిమురా, హొట్టా అనేవారు, 1944లో కలకత్తాలోని సైనికుల రక్తం నుండి ఆల్బర్ట్ సేబిన్ వేరుచేశారు. 1963-64లో కలకత్తాలోను, తూర్పుతీరంలోను వచ్చినది మన దేశంలో పరీక్షలతో రుజువైన తొలి డెంగీ మహమ్మారి. దీని అసలు గుట్టు తెలిసినది ఫిలిప్పీన్స్, థాయిలాండ్ దేశాలలో. 1953-54లో మనీలాలోను, 1958లో బాంకాక్‌లోను పసిపిల్లలు జ్వరం తగ్గిన దినాన చల్లబడి చనిపోవడం వైద్యులు చూశారు. జ్వరం దిగే వేళకు కొందరిలో సన్నని రక్తనాళాల గోడలు సడలి, నెత్తురులోని నీటిభాగం బయటకు ఊరిపోతుంది. మిగిలిన నెత్తురు చిక్కబడుతుంది, నాడి బలహీనమవుతుంది. ఈ గండం 24 నుండి 48 గంటలు. ఆ గంటలలో సరిగా ద్రవాలు అందిస్తే ఊరిపోయిన నీరు తనంతట తాను వెనక్కు వస్తుంది. బాంకాక్ వైద్యులు ఈ లెక్క కనిపెట్టి మరణాలను నూటికి ఒకటికంటె తక్కువకు దించారు. వైరస్‌ను చంపే మందు వారి దగ్గర లేదు. ఈ వ్యాధిలో ప్రాణం పోసినది ఉప్పునీరు.

లంఖణంతో తంటా ఎక్కడో ఇప్పుడు తెలిసి ఉంటుంది. జ్వరం కాచిన 4 దినాలూ నోరెండబెట్టి, 5వ నాడు ఒళ్లు చల్లబడగానే "అమ్మయ్య, వదిలింది" అని గుండెల మీద చేయి వేసుకొని నిద్రపోయే ఇల్లే డెంగీకి అనువైన ఇల్లు.

మావాడు హైదరాబాదులో ఉద్యోగం. జ్వరం వచ్చిన రెండవనాడు బయలుదేరి మా ఇంటికి వచ్చాడు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. డాక్టరుగారు చెప్పినవి నాలుగు మాటలు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పిమాత్రలు, ముఖ్యంగా ఆస్పిరిన్, బ్రూఫెన్ వేయరాదు. నీళ్లు, ఓఆర్ఎస్, గంజి, కొబ్బరినీళ్లు గంటగంటకూ పోయాలి. రోజూ రక్తం చూపించాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నెత్తురు, మూత్రం తగ్గడం, మగత, వీటిలో ఏ ఒక్కటి కనబడినా రాత్రి పగలు చూడక తీసుకురావాలి. నేను పాత హాజరుపట్టీ ఒకటి తీసి, ఒక గడిలో తాగినది, ఒక గడిలో మూత్రం వ్రాయసాగాను.

మా అమ్మను ఒప్పించడానికి డాక్టరు మాట పనికిరాలేదు, చరకుని మాట పనికివచ్చింది. శాస్త్రమే తాగించమంటున్నదని చదివి చెప్పాక, పేలాలు వేయించి కాచిన జావ, పలుచని పెసరకట్టు, ధనియాల చారు తేట తానే దగ్గరుండి మా ఇంటావిడ చేత చేయించింది. దానిమ్మరసం దగ్గర మాత్రం శాస్త్రానికీ డాక్టరుకూ పొత్తు కుదరలేదు. తర్పణంలో దానిమ్మ ఉన్నది గదా అని నేను అడిగితే, ఎర్రని రసాలు ఈ వారం వద్దన్నారు. వాంతి అయితే అది రసమో నెత్తురో తెలియకుండా పోతుందట. ఇది చరకునికైనా నచ్చే మాటే అనుకొన్నాను.

మా మరదలు ఊరి నుండి వస్తూ బొప్పాయి ఆకులు కట్ట తెచ్చింది. "బావగారూ, ప్లేట్లెట్లు పెరుగుతాయట, ఆయుర్వేదమేనట" అన్నది. బొప్పాయి ఆయుర్వేద సంహితలలో ఉండడానికి వీలులేదమ్మా అన్నాను. అది అమెరికా ఖండపు చెట్టు, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలతో మన తీరానికి చేరింది; కొన్ని సీమలలో పరంగికాయ అనడంలోనే దాని పుట్టుక ఉన్నది. డెంగీకి ఆ ఆకురసం వాడకం ఈ శతాబ్దపు వార్త. కొన్ని చిన్న అధ్యయనాలలో ప్లేట్లెట్లు కొంత త్వరగా పెరిగినట్టు కనబడింది. దానివల్ల ప్రాణాపాయం తగ్గిందని మాత్రం రుజువు కాలేదు. అసలే వాంతి వస్తున్న కడుపులో ఆ చేదు పోయడం నాకు ఇష్టం లేకపోయింది. "పాత చెట్లు మంచివీ కొత్త చెట్లు చెడ్డవీనా?" అని మా మరదలు అడిగింది. కాదు, కొత్తదానిని కొత్తదిగానే పరీక్షించాలి, పాత పేరు తగిలించి కాదు అన్నాను. ఆకులు పెరట్లో వాడిపోయినాయి.

5వ నాటి తెల్లవారుజామున జ్వరం దిగింది. మా అమ్మ దేవునికి దీపం పెట్టి, మధ్యాహ్నం పథ్యం పెట్టమన్నది. పట్టీ చూస్తే రాత్రి 10 గంటల తరువాత మూత్రం గడి ఖాళీ. 8 గంటలకు కడుపునొప్పి అన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకొన్నాడు, చేతులు చల్లగా ఉన్నాయి. "పెదనాన్నా, నిద్ర వస్తోంది, పడుకోనీండి" అన్నాడు. పడుకోనివ్వలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము. ప్లేట్లెట్లు 38 వేలు. తమ్ముడు ప్లేట్లెట్ల సంచికై ఫోన్లు మొదలుపెట్టాడు గాని, డాక్టరుగారు ఆ కాగితం ప్రక్కన పెట్టి హెమటోక్రిట్ చూశారు. నెత్తురు పారడం లేదు, చిక్కబడుతున్నది. కావలసినది సంచి కాదు, సెలైను అన్నారు. గంటగంటకూ నాడి, రక్తపుపోటు చూస్తూ చుక్కలు సవరించారు. 7వ నాటికి ఆకలి అన్నాడు. "ఇంకొక సీసా ఎక్కించండి, బలం వస్తుంది" అని తమ్ముడు బ్రతిమాలినా ఎక్కించలేదు. ఊరిపోయిన నీరు వెనక్కు వచ్చేవేళ ఇంకా పోస్తే ఊపిరితిత్తులకు ముప్పట. తర్పణానికి కూడా మాత్ర ఉన్నదన్నమాట.

ఇంటికి వచ్చాక విశ్రాంతి ఘట్టం. ఇక్కడ ఆయుర్వేదానికి నేను చేతులెత్తి మొక్కుతాను. జ్వరం విడిచినవాడు బలం వచ్చేదాకా వ్యాయామం, స్త్రీసంగమం, స్నానం, అటూ ఇటూ తిరగడం, ఈ నాలుగూ చేయరాదని చరకుడు గీటు గీశాడు. స్నానం మాట ఈనాటి వైద్యులు ఒప్పరు. గోరువెచ్చని నీటితో తుడవడం నుండి మొదలుపెట్టించాము. తక్కిన దానిలో డెంగీ కాళ్లు లాగేసిన దేహానికి ఇంతకంటె మంచి చీటీ లేదు. 10వ నాడే ఆఫీసు నుండి ఫోను. మావాడు దిండ్లకు చేరగిలి, "పెదనాన్నా, చరకుని జాబితాలో లాప్‌టాప్ లేదు కదా" అన్నాడు. శరీరానికి ఆయాసం కలిగించే పని ఏదైనా వ్యాయామమేనని సుశ్రుతుని నిర్వచనం వినిపించాను. నవ్వాడు, ఒక గంట పనిచేశాడు, సాయంకాలానికి చెమటలు పట్టి పడుకొన్నాడు. ఆపైన రెండు వారాలు దాని జోలికి పోలేదు. ఆ రెండు వారాలూ ఊరకనే కళ్లనీళ్లు పెట్టుకొనేవాడు. ఇరవై ఏడేళ్ల కుర్రవాడికి ఇదేమి బేలతనమని తమ్ముడు కసిరితే, ఫిలడెల్ఫియా యువతి మాట చెప్పాను. 240 ఏళ్ల నాడు ఎవరో తనలాగే ఏడ్చారని వినడం వానికి మందుకంటె ఎక్కువ హాయినిచ్చినట్టుంది.

ఆహారం మెట్టుమెట్టుగా ఎక్కింది. మెత్తటన్నంలో పెసరకట్టు, తరువాత బీరకాయ, పొట్లకాయ, ఆనపకాయ, కరివేపాకు పొడితో మొదటి ముద్ద, మజ్జిగ పలుచగా. దానిమ్మకు అప్పుడు సెలవు దొరికింది. మూడవ వారం కందిపప్పు, నాలుగవ వారం నూనె తాలింపు. 26వ నాడు గోదావరి గట్టు దాకా నడిచి వచ్చి ఆవకాయ అడిగాడు. మా అమ్మ వద్దన్నది, నేను వద్దన్నాను, మా ఇంటావిడ మాత్రం ఒక బద్ద వేసింది.